ఇంటికి చేరే పిజ్జా - కొట్టుకు మిగిలే రూపాయి

పిజ్జా అనే మాట మన నోటికి అలవాటై ఎన్నో ఏళ్ళు కాలేదు. అయినా అది వచ్చీరావడంతోనే పెసరట్టు పక్కన పీట వేసుకొని కూర్చున్నది. నగరాల సంగతి సరే, చిన్న పట్టణాలలో సైతం బస్టాండు సందులోనో, కాలేజీ ఎదుటనో రెండు బల్లలూ ఒక పొయ్యీ ఉన్న పిజ్జా కొట్లు వెలుస్తున్నాయి. మనవడి పుట్టినరోజుకు బొబ్బట్లు చేయబోయిన అమ్మమ్మను, "అవి రేపు చేద్దువుగానిలే, ఇవాళ పిజ్జా తెప్పిద్దాం" అని ఆపే ఇళ్ళు ఎన్ని లేవు?

తినేవారి సంగతి మనకు తెలిసిందే. చేసి అమ్మేవారి సంగతి కాస్త విచారిద్దాం.

ఈ చిన్నకొట్లు పెట్టేవారు కోటీశ్వరులు కారు. వారు మనవంటి ఇళ్ళలోని పిల్లలే. చదివిన చదువుకు తగిన ఉద్యోగం రాకనో, వచ్చిన ఉద్యోగం నచ్చకనో, సొంతంగా ఏదైనా చేద్దామని బయలుదేరినవారు. తండ్రిగారి ప్రావిడెంటు ఫండు కొంత, తల్లిగారి గాజులమీద తెచ్చిన అప్పు కొంత, బ్యాంకువారిచ్చినది కొంత. ఇదీ మూలధనం. కొట్టు తెరిచిన వారంలోపునే వారి ముందుకు ఒక ప్రశ్న వచ్చి నిలుచుంటుంది: ఆన్‌లైన్ ఆర్డర్లు ఎవరి ద్వారా తీసుకోవాలి? అందులో చవకైనది ఏది?

ఇది చూడడానికి చిన్న ప్రశ్న. కాని గాజులు ఇంటికి తిరిగివచ్చేదీ రానిదీ చాలావరకు దీనిమీదనే ఆధారపడి ఉంటుందంటే అతిశయోక్తి కాదు.

క్యారియరు నాటి వ్యాపారం

ఇంటికి భోజనం పంపడం మనకు కొత్తకాదు. మెస్సు నుంచి క్యారియరు కట్టించుకోవడం మన పట్టణాలలో ఎన్నాళ్ళనుంచో ఉన్నదే. నాలుగు గిన్నెల క్యారియరు సైకిలు హ్యాండిలుకు తగిలించుకొని కుర్రవాడు వచ్చేవాడు. ప్లీడరుగారికి కారం తక్కువ, హెడ్మాస్టరుగారింట్లో గురువారం ఒంటిపూట, స్టేషన్ మాస్టరుగారికి మజ్జిగ ఎక్కువ - ఇవన్నీ మెస్సు యజమానికి కంఠతా వచ్చు. నెలాఖరుకు లెక్క చూసుకొనేవారు. మధ్య మూడోమనిషి లేడు.

ఇప్పుడు ఆ మూడోమనిషి వచ్చాడు. అతడు ఫోనులో ఉంటాడు. గుంటూరు మిరపయార్డులో రైతుకూ కొనుగోలుదారుకూ నడుమ కమిషను వ్యాపారి ఎటువంటివాడో, పిజ్జాకొట్టుకూ మీ ఇంటికీ నడుమ ఈ యాప్ అటువంటిది. అతడు చెడ్డవాడని అనడంలేదు. సరుకును పదిమంది కళ్ళబడేట్టు చేస్తాడు, డబ్బు వసూలుచేస్తాడు, మోసుకొనిపోయే మనిషిని కూడా అతడే పంపుతాడు. చేసిన పనికి కూలి అడుగుతాడు. ఆ కూలి ఎంత అన్నదే అసలు చర్చ.

ఇంటర్నెట్టు ద్వారా సరుకు తెప్పించుకొనే పద్ధతిలో పిజ్జాదే దాదాపు మొదటిపీట. 1994లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో శాంటాక్రజ్ అనే ఊళ్ళో పిజ్జాహట్ వారు కంప్యూటరు మీద ఆర్డరు తీసుకోవడం మొదలుపెట్టారు. రెండేళ్ళకు, 1996లో, డామినోస్, పిజ్జాహట్ రెండూ మన దేశంలో కొట్లు తెరిచాయి. 2008లో ఢిల్లీలో హోటళ్ళ ధరలపట్టికలు చూపే చిన్న సంస్థగా పుట్టినది తరువాత జొమాటో అయింది. 2014లో బెంగుళూరులో స్విగ్గీ మొదలైంది. దాని స్థాపకులలో ఒకరైన మాజేటి శ్రీహర్ష మన విజయవాడవారు. నేడు మన పట్టణాలలో "యాప్‌లో పెట్టారా?" అని ఎవరైనా అడిగితే చాలావరకు ఈ రెండింటి గురించే.

మూడు దారులు

చిన్న పిజ్జాకొట్టుకు ఆన్‌లైన్ ఆర్డర్లు రావడానికి నేడు ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది పెద్ద యాప్‌ల దారి. ఇది రాజమార్గం. జనం అక్కడే ఉన్నారు. మనుషులను పెట్టుకోనక్కరలేదు. కాని కమిషను ఉన్నది. అది ఊరినిబట్టి, కొట్టునుబట్టి, బేరమాడే శక్తినిబట్టి మారుతుంది. సుమారుగా నూటికి 15 నుంచి 30 దాకా ఉంటుంది. పేరున్న పెద్దహోటలుకు తక్కువ, కొత్తగా తెరిచిన చిన్నకొట్టుకు ఎక్కువ. ఉన్నవాడికే ఉపకారం అన్న లోకరీతి ఇక్కడా తప్పలేదు.

రెండవది ప్రభుత్వ ప్రోత్సాహంతో వచ్చిన ఓఎన్‌డీసీ దారి. 2021 డిసెంబరు 31న లాభాపేక్షలేని కంపెనీగా దీనిని నమోదుచేశారు. 2022 ఏప్రిల్‌లో అయిదు నగరాలలో ప్రయోగం మొదలైంది. ఇది యాప్ కాదు, యాప్‌లన్నింటినీ కలిపే రహదారి. కొట్టువాడు ఒక యాప్‌లో సరుకు పెడితే, కొనేవాడు వేరొక యాప్‌లోనుంచి దానిని చూసి కొనవచ్చు. మోసుకొనిపోయేది మూడో సంస్థ కావచ్చు. కమిషను పెద్ద యాప్‌లకంటె తక్కువ. 2023లో ఒకే వంటకానికి ఇక్కడ ఇంత, అక్కడ అంత అని ధరలు పోల్చిచూపే చిత్రాలు ఫోన్లలో తెగ తిరిగాయి. కాని అప్పుడు కనిపించిన చౌకలో కొంతభాగం తగ్గింపుల చలవ. ఆ తగ్గింపులు తగ్గేసరికి ఉత్సాహమూ కొంత తగ్గింది. దారి బాగున్నంతమాత్రాన చాలదు, ఆ దారిన నడిచే జనం మీ ఊళ్ళో ఉన్నారా లేదా అన్నది ముందు చూసుకోవాలి. చేరే ముందు మీరే కొనేవారిగా మారి, అందులోనుంచి రెండుసార్లు ఏదైనా తెప్పించి చూడండి. సంగతి తెలిసిపోతుంది.

మూడవది సొంతదారి. కొట్టు ఫోను నెంబరు, వాట్సాప్, డబ్బుకు క్యూఆర్ కాగితం, పంపడానికి ఒక కుర్రవాడు. వ్యాపారులకోసం వాట్సాప్ వారు 2018లో తెచ్చిన యాప్ ఉచితం. 2019నుంచి అందులో బొమ్మలతో, ధరలతో సహా సరుకుల పట్టిక పెట్టుకొనే వీలు కలిగింది. గూగుల్ పటంలో కొట్టు పేరు, వేళలు, ఫోను నెంబరు, ధరలపట్టిక ఉంచడానికీ డబ్బివ్వనక్కరలేదు. 2016లో వచ్చిన యూపీఐ ద్వారా బ్యాంకు ఖాతానుంచి ఖాతాకు డబ్బు పంపితే, 2020 జనవరినుంచి వ్యాపారికి దానిమీద రుసుము లేదు. ఇంతకంటె కాస్త దర్జాగా, సొంత వెబ్‌సైటూ దానిమీద ఆర్డరు పత్రమూ కావాలంటే నెలకింత అనో, ఆర్డరుకు నూటికింత అనో పుచ్చుకొని తయారుచేసిపెట్టే సంస్థలూ ఉన్నాయి. అయితే సొంతదారిలో ఒక చిక్కున్నది. మీరు ఉన్నట్టు ఊరికి తెలియదు.

ఈ మూడింటిలో చవకైనది ఏది? అందరూ చేసే పొరపాటు, కమిషను అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పడం.

లెక్క వేసి చూద్దాం

లెక్క సులువుగా ఉండడానికి ఒక పిజ్జా 300 రూపాయలనుకుందాం. మైదా, చీజు, కూరముక్కలు, గ్యాసు, అట్టపెట్టె అన్నీ కలిపి 120 రూపాయల ఖర్చనుకుందాం. కొనేవారు విడిగా చెల్లించే పన్నును లెక్కలోనుంచి తీసివేద్దాం.

పెద్ద యాప్‌లో పెట్టారు. కొత్తకొట్టు గనుక 50 రూపాయల తగ్గింపు ఇవ్వమన్నారు, ఇచ్చారు. పిజ్జా ధర 250కి దిగింది. దానిమీద నూటికి 22 చొప్పున కమిషను 55 రూపాయలు. కమిషనుమీద నూటికి 18 చొప్పున జీఎస్టీ 9 రూపాయల 90 పైసలు. డబ్బు వసూలుచేసినందుకు నూటికి 2 చొప్పున 5 రూపాయలు, దానిమీద పన్ను 90 పైసలు. వెరసి 70 రూపాయల 80 పైసలు. చేతికి వచ్చేది 179 రూపాయల 20 పైసలు. అందులో సరుకు ఖర్చు 120 పోగా మిగిలినది 59 రూపాయల 20 పైసలు. యాప్‌లో కొట్టు పేరు పైన కనిపించాలని ప్రకటనకు ఆర్డరుకు 15 రూపాయలు పడిందనుకోండి, ఇక మిగిలేది 44 రూపాయల 20 పైసలు.

కమిషను 22 అనుకొన్నాము. తీరా చూస్తే 300 రూపాయల పిజ్జాలో తగ్గింపు, కమిషను, పన్ను, ప్రకటన అన్నీ కలిసి 135 రూపాయల 80 పైసలు పోయాయి. అంటే నూటికి 45 దాటింది.

ఇప్పుడు అదే పిజ్జాను సొంతదారిన పంపుదాం. ధర 300. తీసుకొనిపోయే కుర్రవాడికి 40. పిలిచి కొన్నందుకు మర్యాదగా 20 రూపాయల కూల్‌డ్రింకు ఊరికే ఇద్దాం. సరుకుకు 120. మిగిలేది 120 రూపాయలు.

ఈ రెండంకెలకూ మధ్య ఎంత దూరమో మరొక లెక్క చెబుతుంది. కొట్టు అద్దె, జీతాలు, కరెంటు బిల్లు, బ్యాంకు వాయిదా కలిపి నెలకు 45,000 అనుకోండి. పిజ్జాకు 44 రూపాయల 20 పైసల చొప్పున మిగిలితే, ఆ ఖర్చు గట్టెక్కడానికి నెలకు వెయ్యి పైచిలుకు పిజ్జాలు అమ్మాలి. 120 మిగిలితే 375 చాలు. రోజుకు ముప్ఫైనాలుగు పిజ్జాలకూ పన్నెండు పదమూడు పిజ్జాలకూ ఉన్న తేడా అది. చిన్న పట్టణంలో చిన్నకొట్టుకు ఆ తేడాయే బతుకూ చావూ.

అయితే యాప్‌లు వద్దనేనా? కాదు. యాప్‌లో మీ బొమ్మ చూసి, అంతకుముందు మీ పేరే వినని మనిషి మొదటిసారి కొంటే, మిగిలిన 44 రూపాయలూ లాభమే. పోయిన 135 రూపాయలూ పరిచయం చేసినందుకు ఇచ్చిన ఖర్చు. కాని ఆ మనిషే రెండోసారి, పదోసారి, యాభయ్యోసారి కూడా యాప్‌లోనుంచే కొంటుంటే ప్రతిసారీ పరిచయపు ఖర్చు ఇచ్చుకోవలసివస్తుంది. పెళ్ళి కుదిర్చినందుకు పేరయ్యకు ఒకసారి సంభావన ఇస్తాం. ఏటేటా పెళ్ళిరోజుకు కూడా ఇచ్చుకుంటామా?

చుట్టం ఎవరికి చుట్టం?

నా దగ్గర డిగ్రీ చదివిన కుర్రవాడొకడు, అతని భార్య కలిసి మా ఊళ్ళో పిజ్జాకొట్టు నడుపుతున్నారు. ఒకరోజు సాయంత్రం ఇద్దరూ ఒప్పందపు కాగితాలు పట్టుకొని మా ఇంటికి వచ్చారు. తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి పిజ్జా లెక్కలెందుకని పాఠకులు నవ్వుకోవచ్చు. పద్యానికి ప్రతిపదార్థం చెప్పడం అలవాటైనవారికి ఒప్పందానికి ప్రతిపదార్థం చెప్పడం అంత కష్టమేమీ కాదు. పైగా రెండింటిలోనూ అసలు అర్థం చివరిపాదంలోనే దాగి ఉంటుంది.

"మాస్టారూ, వీళ్ళు సొంత వెబ్‌సైటు ఊరికే చేసిపెడతారటండీ. నెలకు దమ్మిడీ ఇవ్వక్కరలేదట" అన్నాడతను సంబరంగా.

చివరి పేజీలో చిన్న అక్షరాలలో ఉన్నది: ప్రతి ఆర్డరుమీద నూటికి 5. రెండవ కాగితం వేరే కంపెనీది. నెలకు 1,500 రూపాయలు, ఆర్డరుమీద ఏమీ లేదు.

"అమ్మా, మీ కొట్టులో ఒక్కో ఆర్డరు సగటున ఎంతుంటుంది?" అని ఆ అమ్మాయిని అడిగాను. లెక్కల పుస్తకం ఆమెదే.

"నాలుగు వందలండీ."

నాలుగు వందలమీద నూటికి 5 అంటే 20 రూపాయలు. 1,500ను 20తో భాగిస్తే 75. నెలకు 75 ఆర్డర్లలోపు వస్తే "ఊరికే" ఇచ్చేవాడు చవక. 75 దాటితే నెలసరి రుసుమువాడు చవక. ఉచితం ఏది, ఖరీదు ఏది అన్నది కాగితంలో లేదు, మన అమ్మకంలో ఉన్నది.

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి అన్నది: "అది సరేనండీ. మా కొట్టు పెట్టి ఎనిమిది నెలలైంది. యాప్‌లో వెయ్యిమందికి పైగా మా పిజ్జా తిన్నారు. వాళ్ళలో ఒక్కరి పేరూ మాకు తెలియదు. రేపు ఆ యాప్ మానేస్తే మాకు గిరాకీ ఎక్కడిదండీ?"

ఎంత చదువుకొన్నా ఇంతకంటె మంచి ప్రశ్న వేయడం కష్టం. పెద్ద యాప్‌లలో కొనేవారి ఫోను నెంబరు సాధారణంగా కొట్టువారికి కనపడదు. వచ్చిన చుట్టం యాప్‌కు చుట్టం, కొట్టుకు కాదు. మెస్సు యజమానికి ప్లీడరుగారి కారం సంగతి తెలుసు. నేడు ఆ సంగతి యాప్‌కు తెలుసు, వంటచేసేవాడికి తెలియదు. అందుచేత ఏ సేవ చవక అని అడిగే ముందు, పరిచయం ఎవరి పుస్తకంలో చేరుతున్నదని అడగాలి.

ఈ భయం ఉత్తది కాదనడానికి గతమే సాక్షి. ఊబర్ ఈట్స్ అని ఒక యాప్ మన నగరాలలో జోరుగా నడిచింది. 2020 జనవరిలో దాని మనదేశపు వ్యాపారాన్ని జొమాటోవారు కొనివేశారు. అదే ఏడు మే నెలలో అమెజాన్‌వారు బెంగుళూరులో ఆహారపు బట్వాడా మొదలుపెట్టి, 2022 డిసెంబరుతో మూసివేశారు. వీటిలో పేరు సంపాదించుకొన్న చిన్నకొట్లకు ఆ పేరు వెంటరాలేదు. తమ పుస్తకంలో నెంబర్లు రాసుకొన్నవారికి నష్టం తక్కువ.

ఏనుగులకూ తప్పలేదు

ఈ కమిషను గొడవ చిన్నవారిది మాత్రమే అనుకోనక్కరలేదు. దేశంలో డామినోస్ కొట్లు నడిపే జూబిలెంట్ కంపెనీకి సొంత యాప్ ఉన్నది, సొంత కుర్రవాళ్ళున్నారు. అయినా కమిషన్లు ఇంకా పెరిగితే పెద్ద యాప్‌లనుంచి కొంత వ్యాపారాన్ని తన సొంతదారికి మళ్ళించవచ్చునని 2022లో అది కాంపిటీషన్ కమిషనుకు తెలియజేసింది. అంతకుముందు, అదే ఏడు ఏప్రిల్‌లో, హోటళ్ళవారి జాతీయ సంఘం ఫిర్యాదుమీద జొమాటో, స్విగ్గీల పద్ధతులపై ఆ కమిషను విచారణకు ఆదేశించింది. కొన్ని కొట్లకు ప్రత్యేక ఆదరణ చూపుతున్నారా, ఇతరచోట్ల తక్కువ ధరకు అమ్మరాదని షరతులు పెడుతున్నారా అన్నవి అందులోని ముఖ్యాంశాలు. 2024 అక్టోబరులో స్విగ్గీకి సరుకు ఇవ్వబోమని ఆంధ్రప్రదేశ్ హోటళ్ళ సంఘంవారు ప్రకటించారు. తరువాత చర్చలు జరిగి సర్దుబాటు అయింది.

పిజ్జా వ్యాపారం బాగా ముదిరిన అమెరికాలోనూ ఇదే కథ. 2020లో కరోనా రోజులలో హోటళ్ళు మూతబడి బట్వాడామీదనే బతకవలసివచ్చినప్పుడు, శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్కు నగరాలవారు బట్వాడా కమిషను నూటికి 15 దాటరాదని కట్టడి చేశారు. తరువాత ఆ కట్టడులలో మార్పులు వచ్చాయి. ఆ ఏడే అక్కడ ఒక చిన్న పిజ్జాకొట్టు సంగతి పత్రికలకెక్కింది. యజమానిని అడగకుండానే డోర్‌డాష్ అనే యాప్ అతని పిజ్జాలను తన పట్టికలో చేర్చుకొన్నది. పైగా అతడు 24 డాలర్లకు అమ్మే పిజ్జాను 16 డాలర్లకే చూపింది. యజమాని తెలివైనవాడు. తన పిజ్జాలను తానే యాప్‌లో 16 చొప్పున కొని, తన కొట్టుకు 24 చొప్పున పుచ్చుకొన్నాడు! వినడానికి వినోదంగానే ఉన్నది. కాని మన సరుకు ధర మన చేతిలోనుంచి ఎంత సులువుగా జారిపోగలదో కూడా అది చెబుతున్నది.

సంతకానికి ముందు

కొట్టు పెట్టేవారు, పెట్టబోయేవారు, వారి వెనుక గాజులు పెట్టిన తల్లులు ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితంమీద రాయించుకొని, ఆ తరువాత సంతకం చేయడం మంచిది.

ఒకటి: కమిషను ఏ అంకెమీద? అసలు ధరమీదనా, తగ్గింపు పోగా మిగిలినదానిమీదనా? అట్టపెట్టె ఖర్చు కలిపిన మొత్తంమీదనా?

రెండు: తగ్గింపు ఎవరి జేబులోనుంచి? యాప్ ఎంత భరిస్తుంది, కొట్టు ఎంత? మన అనుమతి లేకుండా తగ్గింపు పెట్టే హక్కు వారికి ఉన్నదా?

మూడు: డబ్బు ఎన్నాళ్ళకు చేతికి వస్తుంది? వారానికొకసారి ఇచ్చేట్లయితే వారంరోజుల చీజుకూ మైదాకూ పెట్టుబడి సొంతంగా ఉండాలి. చీజువాడు అరువు పెట్టడు.

నాలుగు: పిజ్జా చల్లారిందనో, పెట్టె నలిగిందనో ఫిర్యాదు వస్తే నష్టం ఎవరిది? పిజ్జా పొయ్యిలోకి వెళ్ళినతరువాత ఆర్డరు రద్దయితే సరుకు ఖర్చు ఎవరు ఇస్తారు?

అయిదు: సొంతకొట్టులో, సొంత ఫోనుమీద తక్కువ ధరకు అమ్ముకోవచ్చునా? కొనేవారి పేర్లు, నెంబర్లు మనకు ఇస్తారా? మానుకోదలచుకొంటే ఎన్నిరోజుల ముందు చెప్పాలి?

ఆరు: పన్ను ఎవరు కడతారు? 2022 జనవరి 1నుంచి యాప్ ద్వారా అమ్మిన హోటలు ఆహారంమీద జీఎస్టీని యాప్‌వారే ప్రభుత్వానికి కడుతున్నారు. నేరుగా అమ్మినదానికి కొట్టువారిదే బాధ్యత. అందుచేత రెండు అమ్మకాలనూ రెండు పద్దులుగా రాసుకోవాలి. కలిపి రాస్తే ఒకే పన్ను రెండుసార్లు కట్టుకొనే ప్రమాదమున్నది. ఆహారభద్రత లైసెన్సు సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ నెంబరు లేనిదే యాప్‌లోనే చేర్చుకోరు.

ఇక నడిపే తీరు. మొదటి మూడు నాలుగు నెలలు పెద్ద యాప్‌లలో ఉండడమే మేలు. ఊరికి పేరు తెలియాలి గదా! అయితే పట్టికలోని వంటకాలన్నీ అక్కడ పెట్టవద్దు. మిగులు బాగా ఉన్న పది రకాలు పెట్టండి. ఒక్క చిన్న పిజ్జాకంటె రెండు పిజ్జాలూ ఒక రొట్టే కలిపిన కుటుంబపు పెట్టె మేలు. ఆర్డరు పెద్దదైనకొద్దీ పెట్టె, ప్రకటన వంటి ఖర్చులు పలుచబడతాయి. ప్రకటనలకు వారానికింత అని హద్దు పెట్టుకోండి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదన్నారు పెద్దలు. యాప్‌లో వడ్డించేవాడు ఎవరివాడూ కాడు. ముందు బంతిలో కూర్చోవాలంటే రోజూ డబ్బు ఇచ్చుకోవలసిందే. ఇవాళ మానేస్తే రేపు కడబంతి.

ఒప్పందంలో అభ్యంతరం లేకపోతే ప్రతి పెట్టెలో చిన్నకాగితం ఒకటి ఉంచండి. కొట్టుపేరు, ఫోను నెంబరు, "నేరుగా పిలిస్తే కూల్‌డ్రింకు మా తరఫున" అన్న ఒక్క వాక్యం. కొట్టుకు నడిచివచ్చినవారిని పేరు, నెంబరు అడిగి, వారు సరేనంటేనే రాసుకోండి. రోజుకు పది సందేశాలు పంపి విసిగించకండి. సొంత బట్వాడాకు మూడు కిలోమీటర్లు హద్దు. అంతకుమించితే పిజ్జా చల్లారుతుంది, పెట్రోలు కాలుతుంది. రోజుకు నాలుగైదు ఆర్డర్లున్నప్పుడు నెలజీతానికి మనిషిని పెట్టుకోనక్కరలేదు. మనిషిచేత పొట్లం పంపే రాపిడో, పోర్టర్ వంటివి ఉన్న ఊళ్ళలో సవారీకింత అని ఇచ్చి పంపవచ్చు. ఆర్డర్లు పెరిగాక సొంతమనిషి చవక.

ఒక్క పని మాత్రం చేయవద్దు. "అరగంటలో రాకపోతే ఊరికే" అన్న పందెం కట్టవద్దు. ఆ పందేనికి పేరుపడిన డామినోస్‌వారే అమెరికాలో ప్రమాదాలు, దావాలు ఎదురై 1993లో దానిని మానుకొన్నారు. కుర్రవాడి ప్రాణంకంటె పిజ్జా వేడి ఎక్కువ కాదు.

నెలాఖరున ఒక్క కాగితంమీద మూడు గళ్ళు గీయండి. ఏ దారిన ఎన్ని ఆర్డర్లు వచ్చాయి, ఆ దారిన చేతికి మొత్తం ఎంత మిగిలింది, అందులో పాతవారు ఎందరు? మూడో గడి నెలనెలా సొంతదారి వైపు పెరుగుతుంటే వ్యాపారం సరిగా నడుస్తున్నదన్నమాట. ఆరునెలలైనా పెరగకపోతే లోపం యాప్‌లో లేకపోవచ్చు, పిజ్జాలో ఉండవచ్చు. రుచి లేని కొట్టును ఏ సేవా నిలబెట్టలేదు.

కొనేవారికి ఒక మాట

కొనే మనకు కూడా ఇందులో పాత్ర ఉన్నది. యాప్‌లవారు కొట్టునుంచి కమిషను పుచ్చుకోవడమే కాక, 2023నుంచి కొనేవారివద్ద కూడా ఆర్డరుకింత అని వేదిక రుసుము వసూలుచేస్తున్నారు. 2 రూపాయలతో మొదలైన ఆ రుసుము తరువాత పలుమార్లు పెరిగింది. ఇటువైపు కొంత, అటువైపు కొంత. నడుమ వంటచేసినవాడికి మిగిలేదెంతో పైన చూశాము.

దూరపు హోటలునుంచి వర్షపు రాత్రి భోజనం కావాలంటే యాప్ ఉన్నందుకు సంతోషించవలసిందే. ఊరికి కొత్తవారికి అది చేసే మేలు కూడా తక్కువది కాదు. కాని మన వీధి చివరి కొట్టునుంచి, వారానికొకసారి తెప్పించుకొనే అదే పిజ్జాకు మధ్యవర్తి ఎందుకు? మీ పిల్లలు మెచ్చే చిన్నకొట్టు ఏదైనా ఉంటే దాని నెంబరు ఫోనులో రాసిపెట్టుకోండి. ఈ ఆదివారం వారికే నేరుగా ఫోను చేయండి. ఉల్లిపాయ వద్దనో, కారం తగ్గించమనో చెబితే వినే మనిషి అవతల ఉంటాడు. నాలుగోసారికి మీరు చెప్పనక్కరలేకుండానే గుర్తుపెట్టుకొంటాడు. కూల్‌డ్రింకు మాట అతడు మరిచిపోతే మీరే నవ్వుతూ గుర్తుచేయవచ్చును.